నల్ల నడికట్టు



ఈ సాయంకాలము నేను మీకు మన దేశపు సంగతి గాక, దూరపు తూర్పున నున్న కొరియా దేశపు సంగతి యొకటి విన్నవింపదలచితిని. దూరదేశపు ముచ్చట మనకేల యని మీరడుగవచ్చును. ఆ ముచ్చట మా యింటి గడప దాటి లోనికి వచ్చినది. మీలో ననేకుల యిండ్లకును వచ్చియుండును, లేదా రేపు రానున్నది. అందుచేతనే చెప్పుచున్నాను.

మా మనుమరాలికి పండ్రెండేండ్లు. పట్టణములో తండ్రివద్ద నుండి చదువుకొనుచున్నది. బడి విడిచిన పిమ్మట తైక్వాండో యను కొరియా సామును రెండున్నర యేండ్లుగా నేర్చుకొనుచు, గడచిన వేసవి సెలవులకు మా యూరికి వచ్చినపుడు పెట్టెలోనుండి యొక నల్లని నడికట్టును, బంగారురంగు ముద్ర వేసిన యొక పత్రమును తీసి నా చేతిలో పెట్టినది. పిల్లలు దీనినే బ్లాక్ బెల్టు అందురు. ఆ పత్రమునకై మా కుమారుడు చెల్లించిన రుసుము నాలుగు బస్తాల ధాన్యపు వెలకు తక్కువ గాదు. నేను ముసలివాని సంబరముతో, "ఇక నీకు భయము లేదన్నమాట! చీకటి పడ్డాక ఒంటరిగా నడచి రాగలవా?" అని యడిగితిని. ఆ పిల్ల కొంతసే పాలోచించి, "అది వేరు తాతయ్యా. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే మా ఆటలో అది తప్పు. రిఫరీ వచ్చి విడదీస్తాడు" అన్నది.

ఆ మాట నన్నా రాత్రి నిద్రపోనీయలేదు. చీకటిలో చేయి పట్టుకొనువానిని విడదీయుటకు రిఫరీ యెక్కడనుండి వచ్చును? ఈ విద్య ఆటయా, ఆత్మరక్షణయా? ఈ పత్రము దేనికి సాక్ష్యము? నేను ముప్పదియేండ్లు బడిలో చరిత్ర చెప్పినవాడను. సందేహము కలిగినపుడు దాని వేరు ఎక్కడనున్నదో త్రవ్వి చూచుట నా యలవాటు. త్రవ్విచూచిన దానిని నేడు మీ ముందు పెట్టుచున్నాను.

మొదట నడికట్టు సంగతి. నల్ల నడికట్టు కొరియాలో పుట్టినది కాదు. అది జపాను సొత్తు. అది మనమనుకొనునంత ప్రాచీనమును గాదు. పూర్వము జపానులో యుద్ధవిద్యలు నేర్పు గురువులు శిష్యునకు విద్య వచ్చినదని తోచినపుడు చుట్టలు చుట్టిన పత్రముల నిచ్చెడివారు. జిగోరో కానో యను విద్యాధికుడు 1882లో తోక్యో నగరమున కోదోకాన్ అను శాలను స్థాపించి, పాత కుస్తీవిద్యను సంస్కరించి జూదో అని పేరు పెట్టెను. ఆ దేశములో 'గో' అని మన పులిజూదమువలె రాళ్లతో ఆడు ఆట యొకటి కలదు. ఆ యాటగాండ్రకు 'దాన్' అను మెట్లుండెను. కానో ఆ మెట్లను తన శాలకు తెచ్చి, 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి మెట్టు నొసగెను. అటు తరువాత కొద్ది యేండ్లకే మెట్టెక్కిన శిష్యులు నల్లని నడికట్టు కట్టుట ఆచారమయ్యెను.

ఇక్కడ మనము గుర్తుంచుకొనవలసిన దొకటి యున్నది. ఆ మొదటి మెట్టునకు వారి భాషలో 'షోదాన్' అని పేరు. అనగా ఆరంభపు మెట్టు. ఆ నడికట్టు కట్టినవాడు విద్యలో పారంగతుడని కానో చెప్పలేదు. ఓనమాలు వచ్చినవి, ఇక పాఠము మొదలుపెట్టవచ్చును అనియే దాని తాత్పర్యము. అక్షరాభ్యాసమును మనము పట్టాభిషేకమనుకొన్నచో తప్పు మనదేగాని నడికట్టుది గాదు.

ఒకినావా దీవినుండి గిచిన్ ఫునకోషి యను ఉపాధ్యాయుడు 1922లో తోక్యోకు వచ్చి కరాతే విద్యను ప్రదర్శించెను. అతడు కానో పద్ధతి ననుసరించి 1924లో తన శిష్యులకును దాన్ మెట్ల నిచ్చెను. తెల్లని దుస్తులును, నడికట్టును, మెట్లును ఇట్లు కరాతేలోనికి ప్రవేశించినవి.

ఇక కొరియా. ఆ దేశము 1910 నుండి 1945 వరకు జపాను ఏలుబడిలో నుండెను. పరాయిపాలన యెట్టిదో మనకు వేఱే చెప్పనక్కఱలేదు. ఆ కాలములో చదువులకై జపానునకు పోయిన కొరియా యువకులు కొందరు అక్కడ కరాతే నేర్చిరి. వారిలో లీ వాన్ కుక్ అనునతడు ఫునకోషి శిష్యుడు. అతడు 1944లో సియోల్ నగరమున చుంగ్ దో క్వాన్ అను శాలను తెరచెను. 'క్వాన్' అనగా శాల. మన తాలింఖానా వంటిదే. 1945 ఆగష్టు 15వ తేదీన కొరియాకు విముక్తి కలుగగానే ఇట్టి శాలలు మఱికొన్ని వెలసినవి. హ్వాంగ్ కీ స్థాపించిన మూ దుక్ క్వాన్ వానిలో నొకటి. ప్రతి శాలకును ఒక వస్తాదు, ఒక పద్ధతి, ఒక పత్రము. విద్య పేరు సైతము ఒక్కటిగా లేదు. కొందరు తాంగ్ సూ దో అనిరి, కొందరు కాంగ్ సూ దో అనిరి. ఈ రెండును కరాతే అను మాటను వ్రాయు చీనా లిపిచిహ్నములకు కొరియా ఉచ్చారణములే.

విముక్తి పొందిన జాతికి నిన్నటి దొరల విద్యను వారి పేరుతోనే సాధన చేయుట మనసునకు ముల్లువలె నుండును గదా! చోయ్ హాంగ్ హీ యను సైనికాధికారి ఈ ముల్లును తీయ సంకల్పించెను. అతడును జపానులో చదువుకొనుచు కరాతే నేర్చినవాడే. అతని పూనికచే 1955లో తైక్వాండో అను క్రొత్త పేరు నిర్ణయింపబడెను. 'తై' అనగా కాలితో తన్నుట, 'క్వాన్' అనగా పిడికిలి, 'దో' అనగా మార్గము. ఆ పేరు వినుటకు 'తైక్యాన్' అను పాత కొరియా తన్నులాట పేరువలె నుండును. అదియు ఉద్దేశపూర్వకమే. తైక్యాన్ నిజముగా పాతవిద్య. 2011లో యునెస్కో సంస్థ దానిని మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చినది.

కొన్ని గ్రంథములలో తైక్వాండోకు రెండువేల యేండ్ల చరిత్ర కలదనియు, సిల్లా రాజ్యపు వీరయువకులు దీనినే యభ్యసించిరనియు వ్రాసియుందురు. ప్రాచీన సమాధుల గోడలపై పోరాడు మనుష్యుల చిత్రములున్నమాట నిజమే. అయినను గోడమీది బొమ్మనుండి నేటి శాలవఱకు గురుశిష్యపరంపర నెవ్వరును చూపలేకపోయిరి. చరిత్ర చెప్పువాడు ముచ్చటకు లోబడరాదు. తైక్వాండో జపాను కరాతే వేరునుండి మొలిచి, కొరియా నేలలో పెరిగి, ఆ జాతి కాలిబలముచే కొత్త రూపము దాల్చిన చెట్టు. డెబ్బదియేండ్ల వయస్సు చెట్టునకు అవమానము గాదు. అది ఫలించుచున్నదా లేదా యనునదే ప్రశ్న.

ఆ తొలిదినములలోనే పత్రముల తగవును మొదలయ్యెను. చుంగ్ దో క్వాన్ వారు చోయ్ సేనానికి గౌరవార్థము నాల్గవ దాన్ నొసగిరి. పిదప మనస్పర్ధలు కలిగి, 1959లో ఆ శాలాధిపతి దానిని రద్దుచేసితినని వార్తాపత్రికలో ప్రకటించెను. నిన్న నాల్గవ మెట్టుపై నున్నవాడు నేడు పత్రికాప్రకటనతో దిగిపోయెనా? అతని కాలిలోని సత్తువ ఒక్క రాత్రిలో తగ్గినదా? లేదు. పత్రము వేఱు, విద్య వేఱు అని ఆ కథయే చెప్పుచున్నది.

1961లో పార్క్ చుంగ్ హీ సేనాని సైనికబలముతో ప్రభుత్వమును కైకొనెను. శాలలన్నియు ఒక్క సంఘముక్రిందికి రావలెనని అధికారుల ఒత్తిడి హెచ్చెను. కొందరు వస్తాదులు చేరిరి. హ్వాంగ్ కీ వంటివారు తమ పద్ధతిని విడువక వేఱుగా నిలిచిరి. చోయ్ సేనాని 1966లో సియోల్‌లో అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్యను స్థాపించెను. పాలకులతో పొసగక 1972లో స్వదేశమును విడిచి కెనడాకు పోయెను. ఆ యేడే నవంబరులో సియోల్‌లో కుక్కివాన్ అను మహాశాల తెరువబడెను. 1973లో అచ్చటనే మొదటి ప్రపంచపోటీలు జరిగినవి. ఆ పోటీల వెనువెంటనే ప్రపంచ తైక్వాండో సమాఖ్య అను రెండవ సంస్థ పుట్టెను. చోయ్ 1980లో తన శిష్యులతో ఉత్తర కొరియాకు పోయి అచ్చట విద్య ప్రదర్శించెను. 2002లో ఆ దేశపు రాజధానియైన ప్యాంగ్‌యాంగ్ నగరముననే కన్నుమూసెను. దేశము రెండుగా చీలినట్లే విద్యయు రెండుగా చీలినది. 2018లో దక్షిణ కొరియాలో జరిగిన శీతకాలపు ఒలింపిక్ పోటీల ప్రారంభదినమున ఉభయపక్షముల వారును ఒక్క వేదికపై తన్నులు ప్రదర్శించినపుడు మాత్రము, విడిపోయిన అన్నదమ్ములు తద్దినమునాడు కలిసికొన్నట్లు తోచినది.

ఇప్పుడు ఆటయా, ఆత్మరక్షణయా యను ప్రశ్నకు వత్తము. మొదట దీనిని బలపఱచినది సైన్యము. చోయ్ నేర్పినది సైనికులకు. 1960 దశకములో వియత్నాము యుద్ధమునకు పోయిన కొరియా శిక్షకులు ఈ విద్యను అక్కడి సైనికులకు నేర్పిరి. అది ప్రాణము కాపాడుకొనుటకు, అవసరమైన ప్రాణము తీయుటకు నేర్పిన విద్య. అందులో పట్టు విడిపించుకొనుట, చేతి అంచుతో కొట్టుట, మోచేతితో పొడుచుట, అన్నియు నుండెను.

ఆటకు కావలసినది వేఱు. ఇద్దరు పిల్లలు పోరాడి, ఇద్దరును చెక్కుచెదరక ఇంటికి పోవలెను. అందుచే ఱొమ్మునకు కవచము, తలకు టోపీ పెట్టిరి. నడుము క్రింద తన్నరాదు, పిడికిలితో ముఖముపై గుద్దరాదు, పట్టుకొనరాదు, పడిపోరాదు అని నియమములు చేసిరి. పిడిగుద్దునకు అంకెలు తక్కువ, తలపై పడిన తన్నునకు అంకెలు ఎక్కువ. అంకె యెక్కడ నుండునో ఆటగాని కాలక్కడికే పోవును. ఇప్పుడు కవచములలోనే తాకిడిని కొలుచు విద్యుత్ యంత్రముల నమర్చుచున్నారు. అందుచే ముందుకాలిని గాలిలో నెత్తియుంచి తేలికగా తాకించు పద్ధతి ప్రబలినదనియు, పాతకాలపు బలమైన తన్ను తగ్గినదనియు వృద్ధ వస్తాదులు వగచుచున్నారు.

వారి వగపులో నిజమున్నది. కాని ఆటను చులకన చేయరాదు. 1988లో సియోల్ ఒలింపిక్ పోటీలలో తైక్వాండోను ప్రదర్శనగా నుంచిరి. 1994లో పారిస్ నగరమున ఒలింపిక్ సంఘము దానిని పూర్తి పోటీగా నంగీకరించెను. 2000లో సిడ్నీ నగరమున పురుషులకు నాలుగు, స్త్రీలకు నాలుగు తరగతులలో పతకము లిచ్చిరి. స్త్రీపురుషులకు సమసంఖ్య! ఏండ్లతరబడి యుద్ధములతో నలిగిన అఫ్‌గనిస్థానమునకు మొట్టమొదటి ఒలింపిక్ పతకమును 2008లో తెచ్చినది రోహుల్లా నిక్‌పాయ్ అను తైక్వాండో ఆటగాడే. జోర్డాను దేశపు మొదటి పతకమును 2016లో అహ్మద్ అబూఘౌష్ తెచ్చెను, అదియు స్వర్ణము. పెద్ద మైదానములు, ధనరాసులు లేని చిన్న దేశములకు ఈ విద్య ఒక ద్వారమైనది. ఇది సామాన్యమైన మేలు గాదు.

నాకు తోచిన పోలిక యొకటి చెప్పెదను. ఒంగోలు జాతి యెడ్లు రెండు ఒకే కొష్టములో పుట్టినవనుకొనుడు. ఒక జతను తిరునాళ్లలో బండలాగుడు పోటీకి సిద్ధపఱచితిరి. ఇంకొక జతను దుక్కికి మరపితిరి. పోటీయెద్దు ఆ కొలిచిన బాటలో, ఆ కొద్ది నిమిషములలో తన బలమంతయు చూపును. దాని నొకనాడు బురదచేలో కట్టి, సాలు తప్పినదని కొట్టినయెడల నేరమెవరిది? ఎద్దుది గాదు, కట్టినవానిది. పోటీకి మరపిన పిల్లను చూచి చీకటికి భయపడదనుకొనుట అట్టిదే. ఆ పిల్లకు బలము, చురుకుదనము, దెబ్బకు బెదరని గుండె వచ్చినవి. ఇవి ఆపదలో నుపకరించును. కాని చేయి పట్టుకొన్నవాని బొటనవ్రేలివైపు మెలిపెట్టి విడిపించుకొనుట, కేకవేయుట, సందు దొరకినంతనే పరుగెత్తుట, ఇవి వేఱుగా నేర్పవలెను, వేఱుగా సాధన చేయవలెను. నేర్పనిది రాదు.

ఇక పత్రము. శాలకొక పత్రముండు అయోమయమును తొలగించుటకే కుక్కివాన్ వారు ఒక్క పద్ధతిని తెచ్చిరి. వారి మొదటి మెట్టునుండి రెండవ మెట్టునకు ఒక యేడు, రెండవదానినుండి మూడవదానికి రెండేండ్లు, మూడవదానినుండి నాల్గవదానికి మూడేండ్లు వేచియుండవలెను. పదునైదేండ్లు నిండనివారికి దాన్ ఈయరు. 'పూమ్' అను పిల్లల మెట్టు నిత్తురు. ప్రతి పత్రమునకు ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యతో వారి అంతర్జాలపు పుటలో ఎవరైనను సరిచూచుకొనవచ్చును. అయితే ఒక్క మాట మఱువరాదు. సియోల్‌లో నున్నవారు ప్రపంచములోని ప్రతి పిల్లను కండ్లార చూడరు. ఊరిలోని గురువు పరీక్షించి, యోగ్యుడని వ్రాసిన మాటపైననే వారు ముద్ర వేయుదురు. కనుక ఎంత దూరపు ముద్రయైనను, దాని క్రింద నున్నది దగ్గరి గురువు సత్యసంధతయే.

అందును గౌరవార్థపు మెట్లు వేఱు. ప్రపంచ సమాఖ్య వారు 2013లో రష్యా దేశాధ్యక్షుడైన పుతిన్‌కు తొమ్మిదవ దాన్ గౌరవముగా నిచ్చి, 2022లో ఉక్రెయినుపై యుద్ధము ప్రారంభమైన కొలదిదినములకే దానిని వెనుకకు తీసికొనిరి. కుక్కివాన్ వారు 2021లో అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రంపునకు అట్టి తొమ్మిదవ దాన్‌నే యొసగిరి. సాధకునకు ఆ మెట్టు చేరుటకు జీవితకాలము పట్టును. రాజులకు శాలువలు కప్పుట లోకాచారమే. శాలువ కప్పించుకొన్నవాడు పండితుడని మాత్రము మన మనుకొనరాదు.

ఇదంతయు తెలిసికొన్న పిమ్మట మా మనుమరాలి పత్రమును మరల తీసి చూచితిని. దానిపై సంఖ్య లేదు. పండ్రెండేండ్ల పిల్లకు 'మొదటి దాన్' అని వ్రాసియున్నది. ముద్రలో 'అంతర్జాతీయ' యను మాట పెద్దగా నున్నదిగాని కుక్కివాన్ పేరు లేదు. మా కుమారు డా గురువు నడుగగా, తమ సంఘము వేఱనియు, తమ పత్రము తమదే యనియు చెప్పెనట. అది దొంగపత్రమని నేననను. తన శాల పేర తాను పత్రమిచ్చుట సియోల్ శాలల వారును పూర్వము చేసినదే. కాని ఆ పత్రము ఆ గుమ్మము దాటి చెల్లదని రుసుము పుచ్చుకొనకమునుపే చెప్పవలసినది, చెప్పలేదు.

"పిల్లకు చెప్పవద్దు నాన్నా, మనసు విరుగుతుంది" అని మా కుమారు డనెను. రెండు దినములు నేనును తటపటాయించితిని. పిల్ల తెల్లవారుజామున లేచి, మా కళ్లములో నొంటరిగా తన్నులు సాధన చేయుచుండగా చూచి, ఈమెకు అబద్ధము చెప్పుట తగదని నిశ్చయించుకొని, పిలిచి అంతయు చెప్పితిని. ఆ పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. కొంతసేపటికి ముఖము తుడుచుకొని, "కాగితం పోతే పోయింది తాతయ్యా. నా కాలు పోలేదుగా" అన్నది. ముప్పదియేండ్ల పంతులుపనిలో నేను చెప్పలేని సూత్రమును ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పినది.

ఇప్పుడామె వేఱొక గురువువద్ద నేర్చుచున్నది. నల్లదానిని మడిచి పెట్టెలో పెట్టి, ఎఱ్ఱ నడికట్టు కట్టుకొని, వెనుకటి మెట్టునుండి మరల ఎక్కుచున్నది. వారమున కొకనాడు పట్టు విడిపించుకొను సాధన వేఱుగా జరుగుచున్నది. ఆటయు నేర్చుచున్నది, ఆత్మరక్షణయు నేర్చుచున్నది. ఏది యేదో ఎఱిగి నేర్చుచున్నది.

పెద్దలారా, మన కాలములో గ్రామమున కఱ్ఱసాము నేర్పు వస్తాదు పత్రమిచ్చుట నేనెఱుగను. ఊరివారందరును చూచుచుండగా శిష్యుడు కఱ్ఱ త్రిప్పెడివాడు. అదియే పత్రము. ఆ కాలము మరల రాదు. పత్రములు రానేవచ్చినవి. కావున మీ పిల్లలను పంపునపుడు గురువును మూడు ప్రశ్నలడుగుడు. తాము నేర్పునది పోటీకా, రక్షణకా, రెంటికినా? తామిచ్చు పత్రము ఎవరిది, ఎక్కడ చెల్లును, దాని నెట్లు సరిచూడవలెను? మొత్తము రుసుమెంత? నిజాయితీగల గురువు ఈ ప్రశ్నలకు కోపపడడు. కోపపడినచో, అదియు మీకొక ప్రత్యుత్తరమే.

అటుపిమ్మట పిల్లను కళ్లములో నిలుచుండబెట్టి, వచ్చినది చూపుమనుడు. చూచుటకు మన కండ్లు చాలును.